పులస కథకు పెదవులు

14 జూన్ 2004, సోమవారం

కొత్త ప్రాజెక్ట్ వచ్చింది. మా బొమ్మల స్టూడియో నడిపే శాంతికుమార్ గారు అందర్నీ మధ్య గదిలోకి పిలిచి చెప్పారు. మొదటి రెండు ముక్కలు నా వైపు తిరిగి చెప్పారు. తర్వాత ఉత్సాహం వచ్చేసి కిటికీ వైపు నడుస్తూ చెప్పారు. అటు తిరిగిపోతే ఇక నాకేం తెలుస్తుంది? వీపు చూస్తూ కూర్చున్నాను. అందరూ నవ్వినప్పుడు నేనూ నవ్వాను.

తర్వాత సాయిదుర్గ చీటీ రాసిచ్చింది. బ్యాక్‌గ్రౌండ్లు వేసే పిల్ల, నా పక్క టేబుల్. 'పిల్లలకి 12 కథలు, సీడీ. హైదరాబాద్ కంపెనీ వాళ్ళది. స్కూళ్ళలో కంప్యూటర్లకి. మామ్మ కథలు చెబుతుంది. నవంబర్ 14 రిలీజ్.' కింద ఓ మామ్మ బొమ్మ కూడా వేసింది. ముక్కు పెద్దదైంది.

మేం ఇన్నాళ్ళూ చేసినవి పాఠాలు. ఆకు అన్నం ఎలా వండుకుంటుంది, గుండె ఎలా కొట్టుకుంటుంది, ఎక్కాలు, గ్రహాలు. వాటిలో మొహాలు లేవు, బాణం గుర్తులే. ఈసారి మామ్మ నోరు తెరిచి మాట్లాడాలి. అంటే లిప్ సింక్. గొంతులో వచ్చే ప్రతి అక్షరానికీ పెదవులు గీయాలి. ఆ పనంటే ఎవరికీ పడదు. బియ్యంలో రాళ్ళు ఏరినట్టుంటుంది.

నేను చేస్తానని చెయ్యెత్తాను.

అందరూ ఒకర్నొకరు చూసుకున్నారు. శాంతికుమార్ గారు మర్యాదస్తులు, మొహం మీద కాదనలేరు. సౌండ్ చూసే అమ్మిరాజు గారి వైపు చూశారు. అమ్మిరాజు గారు ఏదో అన్నారు. ఆయన మీసం దట్టం. దాని కింద ఏమంటారో మూడేళ్ళుగా నాకు తెలీదు.

16 జూన్, ఉదయం 6

నాకే ఇచ్చారు. అమ్మిరాజు గారు చెప్పబట్టే. నిన్న సాయంత్రం పెన్సిల్‌తో రాసి చూపించారు. 'ఈ ఆఫీసులో మనుషుల నోళ్ళు చూసేది మీరొక్కరేనండి.'

నిజమే. పదిహేనో ఏట జ్వరం మెదడుకెక్కింది. నెల్లాళ్ళ తర్వాత లేచేసరికి ఏ చప్పుడూ లేదు. అమ్మ నోరు కదులుతోంది. గట్టిగా చెప్పమన్నాను. నేనే అరిచానట, వార్డు వార్డంతా తిరిగి చూసింది. ఇప్పుడు నాకు ముప్ఫై ఒకటి. పదహారేళ్ళుగా నోళ్ళు చదువుతున్నాను. పళ్ళు బిగించి మాట్లాడేవాళ్ళెవరో, తమలపాకు నములుతూ సగం మింగేసేవాళ్ళెవరో, నా సంగతి వచ్చినప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకునేవాళ్ళెవరో నాకు తెలుసు.

మాట్లాడగలను. మాట్లాడను. నా గొంతు ఇప్పుడెలా ఉంటుందో నాకు తెలీదు. రాజమండ్రి వచ్చిన కొత్తలో మెయిన్ రోడ్డులో రిబ్బన్ అడిగాను. కొట్టాయన పక్కనున్నవాళ్ళ మొహాలు చూసి నవ్వాడు. అప్పట్నుంచి అన్నీ చీటీలే.

23 జూన్, బుధవారం

మామ్మకి గొంతిచ్చే ఆవిడ వచ్చారు. సంపూర్ణమ్మ గారు. పెనుగొండ దగ్గర బళ్ళో ముప్ఫై నాలుగేళ్ళు టీచరు. శాంతికుమార్ గారికి రెండో తరగతి చెప్పింది ఆవిడేనట. రిటైరయ్యాక ఇక్కడ ఆర్యాపురంలో ఒక్కరే ఉంటున్నారు. ఈ పన్నెండు కథలూ ఆవిడ క్లాసులో అల్లుకున్నవే.

రికార్డింగ్ గదంటే పాత స్టోర్‌రూమ్, గోడలకి బొంతలు కొట్టాం. ఒక గాజు పలక. ఆవిడ ఒక వాక్యం చెప్పి ఆగిపోయారు. అమ్మిరాజు గారు కానివ్వమని చెయ్యూపారు. ఇంకో వాక్యం చెప్పి మళ్ళీ ఆగారు. పావుగంట ఇదే వరస. చివరికి బయటికొచ్చి శాంతికుమార్ గార్ని నిలదీశారు. ఊ కొట్టేవాళ్ళు లేకుండా కథ ఎలా నడుస్తుంది, ఈ గాజుపలకకి చెప్పాలా అని. ఆయన మైకు ముందు ఇంకో మనిషి ఉండకూడదని ఏదో చెప్పబోయారు. ఆవిడ వినలేదు. చుట్టూ చూశారు. అందరిలో తన నోటివైపే చూస్తున్నది నేనొక్కదాన్నే. రమ్మన్నారు.

చెవి చూపించి చెయ్యి అడ్డంగా ఊపాను. మామూలుగా ఇక్కడ మనుషులు జాలి మొహం పెడతారు, లేదా గట్టిగా అరుస్తారు. ఆవిడ రెండూ చెయ్యలేదు. కుర్చీ తిప్పుకుని ట్యూబ్‌లైటుకి ఎదురుగా కూర్చున్నారు.

"నువ్వు నా మొహం చూడు, నేను నీ మొహం చూస్తాను. వాక్యం అవగానే ఊ అను. అంతే నీ పని."

ఊ అన్నాను. గొంతులో ఏదో కదిలింది. బయట ఎవరైనా నవ్వారేమోనని గాజులోంచి చూశాను. అమ్మిరాజు గారు తల వంచుకుని మీటర్ చూసుకుంటున్నారు. ఎవరూ నవ్వలేదు.

నా ఊలన్నీ తర్వాత కంప్యూటర్లో కత్తిరించేస్తారట. మంచిది.

1 జూలై

ఇవాళ పులస కథ. సముద్రంలో పుట్టిన చేపపిల్ల గోదావరిలోకి రావాలి. దారెవరు చెబుతారని అడుగుతుంది. పడవని అడుగుతుంది, కొంగని అడుగుతుంది, ఎవరూ చెప్పరు. చివరికి నీళ్ళే చెబుతాయి. నేనెటునుంచి వస్తున్నానో అదే నీ దారి, అని. ఏటికెదురు ఈదుతుంది. అంతర్వేది దగ్గర ఒళ్ళంతా ఉప్పు. నరసాపురం దాటేసరికి సగం ఉప్పు. పైకొచ్చే కొద్దీ ఒంట్లో ఉప్పు కరిగి రుచి మారుతుంది, పేరు మారుతుంది. ధవళేశ్వరం దగ్గర గోడ. ఇక దారి లేదు.

గోడ దగ్గర ఆవిడ ఆగారు. ఊ అనడం మర్చిపోయాను. కనుబొమ్మలెత్తారు. అప్పుడన్నాను.

11 జూలై, ఆదివారం

వాళ్ళింటికి వెళ్ళాను. పెదవుల స్టడీ కోసమని శాంతికుమార్ గారే పంపారు. మా దగ్గరున్న ఇంగ్లీషు పుస్తకంలో ఎనిమిది నోళ్ళున్నాయి. ఆ ఎనిమిదితో తెలుగు మాట్లాడిస్తే మామ్మ ఏదో నములుతున్నట్టుంది. అందుకని నేరుగా చూసి గీసుకోవాలి.

రెండు గంటలు గీశాను. ఇరవై మూడు నోళ్ళు వచ్చాయి. 'ఓ' అన్నప్పుడు ఆవిడ కింది పెదవి కొంచెం ఎడమకి లాగుతుంది. నవ్వొచ్చే మాట ముందు ఒక్క క్షణం పెదవులు కలిపి దాచుకుంటారు. అది ఏ పుస్తకంలోనూ ఉండదు.

కాఫీ ఇచ్చారు. చీటీ రాయబోతే పుస్తకం లాక్కున్నారు. నోటితో చెప్పమన్నారు. పంచదార ఎక్కువైందండీ అన్నాను. ఆవిడ మొహం జాగ్రత్తగా చూశాను. ఏమీ మారలేదు. లోపలికెళ్ళి పాలు తెచ్చి పోశారు.

వచ్చే ఆదివారం కూడా రమ్మన్నారు. స్టడీ అయిపోయిందని చెప్పలేదు.

25 జూలై

ఆదివారం. వెళ్ళాను. రాయడానికేమీ లేదు. బాగుంది.

12 ఆగస్టు, గురువారం

పులస కథ పూర్తయింది. అమ్మిరాజు గారు సౌండ్ కలిపి అందరికీ వేశారు. నేను స్క్రీన్ వైపు చూడలేదు, జనం వైపు చూశాను. సాయిదుర్గ నోరు తెరుచుకుని చూస్తోంది. శాంతికుమార్ గారు లేచి నిలబడ్డారు. అమ్మిరాజు గారు రాసిచ్చారు. 'గొంతు ఆ బొమ్మ లోపల్నుంచే వస్తోందండి.'

అందరూ టీకి వెళ్ళాక ఒక్కదాన్నే వేసుకుని చూశాను. మామ్మ చెప్పే ప్రతి మాటా తెలిసింది. ఆరు నిమిషాలు, ఒక్క ముక్క పోలేదు. సినిమాహాల్లో నాకు మూడో వంతు తెలుస్తుంది, మిగతాది ఊహించుకుంటాను. చెవులు పోయాక తెర మీద ఒక కథ మొత్తం వినడం ఇదే మొదటిసారి. గీసింది నేనే, నిజమే. అయినా.

24 ఆగస్టు

హైదరాబాద్ వాళ్ళిద్దరు వచ్చారు. మూడు కథలు చూశారు. బొమ్మలకి తల ఊపారు. తర్వాత ఒకాయన చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని మాట్లాడారు. శాంతికుమార్ గారు నవ్వుతూ వింటున్నారు, ఆ నవ్వు కళ్ళదాకా రాలేదు.

వెళ్ళాక ఏమన్నారని అడిగాను. మ్యూజిక్ మార్చమన్నారని రాశారు.

1 సెప్టెంబర్, బుధవారం

ఇంకో అమ్మాయి రికార్డింగ్ గదిలో ఉంది.

సిరా అయిపోయి, తెచ్చుకోవడానికి ఆ గది ముందునుంచి వెళ్ళాను. గాజు వెనక ఇరవై రెండేళ్ళ పిల్ల, చేతిలో కాగితాలు. పులస అంటోంది. నోరు చదివాను. ఏటికెదురు అనడం లేదు. 'నదీ ప్రవాహానికి వ్యతిరేక దిశలో' అంటోంది. ఊ కొట్టేవాళ్ళెవరూ లేరు. గడగడా చదివేస్తోంది.

సాయిదుర్గ నన్ను చూసి తల దించుకుంది. అందరికీ వారం నుంచి తెలుసట. నా ఎదురుగానే మాట్లాడుకున్నారట, వీపు తిప్పి.

శాంతికుమార్ గారి గదిలోకి వెళ్ళాను. ఆయన చాలాసేపు రాశారు. హైదరాబాద్ వాళ్ళు ముసలి గొంతు వద్దన్నారట. యాస అన్నారట. పన్నెండు కథలూ కొత్త గొంతుతో చేయాలట, లేకపోతే ప్రాజెక్టే వద్దన్నారట. తొమ్మిదిమంది జీతాలు దీనిమీదే ఉన్నాయట. డైలాగ్స్ మారాయి, పెదవులు కరెక్ట్ చేయండి అని మాత్రం నాకు చెబుదామనుకున్నారట.

గొంతు మారిన సంగతి నాకెలాగూ తెలీదనుకున్నారు. ఆ ముక్క రాయలేదు. రాయక్కర్లేదు.

టీచరు గారికి చెప్పారా అని రాశాను. తనే వెళ్ళి చెబుతానన్నారు. అప్పటిదాకా నన్ను చెప్పొద్దన్నారు. చేతులు జోడించినంత పని చేశారు.

5 సెప్టెంబర్, ఆదివారం

టీచర్స్ డే. దేవీచౌక్‌లో చేమంతులు కొనుక్కుని వెళ్ళాను. చెప్పేద్దామనే వెళ్ళాను.

సంపూర్ణమ్మ గారు పూలు గ్లాసులో పెట్టి ఎదురుగా కూర్చున్నారు. మిగిలిన కథల రికార్డింగ్‌కి పిలవలేదేమని అడిగారు. తర్వాత తనే, శాంతి పిల్లాడప్పట్నుంచీ అంతే, నిదానం అన్నారు. సీడీ మీద పేరు ఎలా వేస్తారని అడిగారు. ఉత్త సంపూర్ణమ్మ అనా, ఇంటిపేరుతో కలిపి పూర్తిగానా.

నోటితో అబద్ధం చెప్పలేకపోయాను. చీటీ మీద రాశాను. 'పూర్తి పేరు.'

12 సెప్టెంబర్

చెప్పలేదు.

19 సెప్టెంబర్

చెప్పలేదు. వాన. తడిసి వెళ్ళాను. తువ్వాలిచ్చారు.

28 సెప్టెంబర్, మంగళవారం

పులస కథకి కొత్త పెదవులు పెట్టడం అయిపోయింది. పాత ఫైల్ మీదే సేవ్ చేయాలి, సర్వర్లో చోటు లేదు. కంప్యూటర్ అడిగింది, పాతది తీసేయాలా అని. యెస్ నొక్కాను.

కొత్త అమ్మాయి నోరు చిన్నది, పొందికైనది. ఎనిమిది పెదవులు సరిపోయాయి.

10 అక్టోబర్, ఆదివారం, సాయంత్రం 5

నిజం రాసుకోవాలి. శాంతికుమార్ గారు చెప్పొద్దన్నారని కాదు. ఉద్యోగం పోతుందనీ కాదు.

నా గది తలుపు ఎవరైనా కొడితే నాకు తెలీదు. ఇంటావిడ అచ్చాయమ్మ గారు బయటి స్విచ్‌తో లైటు వేసి ఆర్పుతారు. లైటు మినుకుమంటే అద్దె, లేదా కుళాయి. నెలకి రెండుసార్లు మినుకుమంటుంది. స్టూడియోలో తొమ్మిదిమంది మధ్య కూర్చుంటాను, రోజుకి నాలుగైదు చీటీలు వస్తాయి. గోదావరి గట్టు మీద కూర్చుంటే వంతెన మీద రైలు వెళ్ళడం పాదాలకి తెలుస్తుంది. అదే నాతో ఎక్కువసేపు మాట్లాడేది.

వారానికి ఒక్కరోజు ఒక మనిషి పూర్తిగా నా వైపు తిరిగి కథ చెబుతుంది. ఊ అనమంటుంది. అది పోతుందని చెప్పలేదు. ఇంతకన్నా గొప్ప కారణం ఏమీ లేదు.

31 అక్టోబర్

టీచరు గారు నేత చీర తీసి చూపించారు. రిలీజ్ ఫంక్షన్‌కి కట్టుకుంటారట. అంచు గోరింటాకు రంగు. బాగుందండీ అన్నాను.

7 నవంబర్

రేపు తప్పకుండా వెళ్ళి చెబుతానన్నారు శాంతికుమార్ గారు. ఆ రేపు సెప్టెంబర్ నుంచీ వస్తూనే ఉంది.

14 నవంబర్, ఆదివారం

ఊళ్ళో ఒక స్కూల్ హాలు. మూడొందలమంది పిల్లలు. స్టేజి మీద హైదరాబాద్ వాళ్ళు, పూలబొకేలు, తెర.

ఆవిడ వచ్చారు. ఎవరూ పిలవలేదు, ఎవరూ రావద్దనలేదు. గోరింటాకు అంచు చీర. నన్ను చూసి చెయ్యూపి నా పక్క కుర్చీలో కూర్చున్నారు. అటుపక్క ఎవరో తల్లితో ఏదో చెప్పారు, తెర వైపు చూపించి, తన గుండె మీద వేలు పెట్టుకుని.

లైట్లు ఆర్పారు. పులస కథే ముందు వేశారు.

నేను తెర చూడలేదు. ఆవిడ మొహం మీద తెర వెలుతురు పడుతోంది, అదే చూశాను. మొదట నవ్వుతున్నారు. తర్వాత నవ్వు అలాగే ఉంది, కళ్ళు మాత్రం ఆగిపోయాయి. తల కొంచెం ముందుకి వంచారు, సరిగ్గా వినబడనివాళ్ళు వంచినట్టు. పదహారేళ్ళుగా నేను వంచినట్టు. కథ అయిపోయేదాకా అలాగే ఉన్నారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆవిడా కొట్టారు.

రెండో కథ మొదలవగానే లేచారు. వెనకే వెళ్ళాను. గేటు దగ్గర రిక్షా పిలిచి ఆగారు. నా వైపు తిరిగారు. అంత కోపంలోనూ వెలుగు మొహమ్మీద పడేలా తిరిగారు.

"నీకు ఎప్పట్నుంచి తెలుసమ్మా?"

సెప్టెంబర్ ఒకటో తారీకు నుంచండీ, అన్నాను. పైకే అన్నాను. గేటు దగ్గర వాచ్‌మన్ తిరిగి చూశాడు.

తల ఊపారు. ఎక్కి కూర్చున్నారు. రిక్షా వెళ్ళిపోయింది.

15 నవంబర్

పనికి వెళ్ళాను.

17 నవంబర్

పేపర్లో ఫొటో వచ్చింది. తెర మీద నేను గీసిన మామ్మ. కింద కొత్త అమ్మాయి పేరు.

21 నవంబర్, ఆదివారం

ఆర్యాపురం వెళ్ళాను. తలుపు వేసుంది. కొట్టాను. కొట్టి ఆగాను. లోపల్నుంచి రా అన్నారో పో అన్నారో నాకెలా తెలుస్తుంది? మళ్ళీ కొట్టాను. ఇంకా వెళ్ళలేదా అంటున్నారేమో. అసలింట్లో లేరేమో. తలుపు మీద అరచెయ్యి పెట్టి చూశాను. చెక్క కదల్లేదు.

అరగంట నిలబడి వచ్చేశాను.

22 నవంబర్, సోమవారం

శాంతికుమార్ గారి గదిలోకి చీటీ లేకుండా వెళ్ళాను.

"మీరు చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఇద్దరం కలిసి ఆవిణ్ణి ఆ హాల్లో కూర్చోబెట్టాం."

మూడేళ్ళలో ఆయన నా గొంతు ఇంత సేపు వినడం ఇదే మొదలు. గొంతు ఎంత లేచిందో తెలీదు. గాజు తలుపు బయట అందరూ పని ఆపేశారు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఏం చేయమంటారని అడిగారు, నా వైపు తిరిగి, నిదానంగా. పులస కథ ఒక్కటి ఆవిడ గొంతుతో, ఆవిడ ఇంటికి ఇవ్వడానికి, అన్నాను. అమ్మడానికి కాదు, ఎవరికీ చూపించడానికి కాదు. ఒప్పుకున్నారు.

పాత పెదవులు నేనే చెరిపేశాను. గొంతు ఉందా అని అమ్మిరాజు గార్ని అడిగాను. ఆయన ఏదో అన్నారు. మీసం. నాకు తెలీలేదని గుర్తొచ్చి కాగితం తీశారు. 'నేను గొంతులు చెరపనండి.'

4 డిసెంబర్, శనివారం

అయింది. రోజూ పొద్దున్న ఏడింటికి వచ్చి, పని మొదలయ్యేలోపు గీశాను. మధ్యాహ్నం అన్నం టైములో గీశాను. ఇరవై మూడు నోళ్ళు. ఓ అన్నప్పుడు ఎడమకి లాగిన పెదవి. గోడ దగ్గర ఆగిన పెదవి. సాయిదుర్గ అడక్కుండానే చీర అంచు రంగు మార్చింది. గోరింటాకు రంగు. ఫంక్షన్‌లో తనూ చూసిందన్నమాట.

5 డిసెంబర్, ఆదివారం

అమ్మిరాజు గారు స్కూటర్ మీద వీసీడీ ప్లేయర్ పెట్టుకుని నాతో వచ్చారు. తలుపు ఆయనే కొట్టారు, ఆయనే పిలిచారు. తెరుచుకుంది. ఆవిడ ఆయన్ని చూశారు, నన్ను చూశారు. పక్కకి తప్పుకున్నారు.

టీవీకి వైర్లు కలపడానికి పది నిమిషాలు పట్టింది. కాఫీ ఇవ్వలేదు.

మామ్మ చెప్పడం మొదలుపెట్టింది. సంపూర్ణమ్మ గారు చేతులు ఒళ్ళో పెట్టుకుని చూశారు. రెండో వాక్యం దగ్గర చటుక్కున నా వైపు తిరిగారు. నేను నోరు కదపలేదు. మళ్ళీ తెర వైపు, మళ్ళీ నా వైపు. ఏమైందో అర్థం కాలేదు. అమ్మిరాజు గారు జేబులోంచి కాగితం తీసి మోకాలి మీద పెట్టుకుని రాశారు. 'మీ ఊలు కూడా కలిపానండి. కత్తిరించినవన్నీ దాచాను.'

ఆ గదిలో నా గొంతు వినిపిస్తోంది. నాకు తప్ప ఇద్దరికీ.

అయిపోయింది. నీలం తెర వచ్చింది. ఆవిడ లేచి కిటికీ రెక్క తీసి వెలుతురొచ్చాక మాట్లాడారు.

"గొంతు మార్చినందుకు కాదమ్మా. ముసలి గొంతు ముసలి గొంతే. పది ఆదివారాలు నా ఎదురుగా కూర్చుని ఊ కొట్టావు."

తప్పేనండీ అన్నాను. చెబితే ఇక రానివ్వరనుకున్నానండీ.

"చెప్పుంటే ఇప్పటికీ వస్తూ ఉండేదానివి."

అమ్మిరాజు గారు వైర్లు చుట్టుకుంటున్నారు. డిస్క్ తీసి ఆవిడ చేతికిచ్చారు. తీసుకున్నారు. టీవీ పైన పెట్టారు. మేం గుమ్మం దిగాక తలుపు మెల్లగా వేశారు. వేయడం చూశాను, మెల్లగానే వేశారు.

12 డిసెంబర్, ఆదివారం

గట్టు మీద కూర్చున్నాను. చలి. రెండు రైళ్ళు వెళ్ళాయి.

13 డిసెంబర్, సోమవారం

కొత్త పని. ఒక బధిరుల పాఠశాల వాళ్ళు రాశారు. చెవులు వినపడని పిల్లలకి మాట నేర్పడానికి సీడీ కావాలట. అ నుంచి ఱ దాకా ప్రతి అక్షరానికీ నోరు ముందు నుంచి ఎలా ఉంటుంది, పక్కనుంచి నాలుక ఎక్కడుంటుంది. మా పులస కథ చూసి కాదు, మా గుండెకాయ పాఠం చూసి రాశారట.

శాంతికుమార్ గారు నా టేబుల్ దగ్గరికి వచ్చి, ఎదురుగా నిలబడి చెప్పారు. ఈ మధ్య అలాగే నిలబడుతున్నారు. ఇది మీరే చేయాలి, మోడల్‌గా ఎవరి నోరు తీసుకుందాం అన్నారు. ఎవరి నోరో ఆయనకీ తెలుసు. నేను వెళ్ళి అడగనన్నాను. మీరే వెళ్ళాలి అన్నాను.

15 డిసెంబర్

ఆయన వెళ్ళొచ్చారు. సాయిదుర్గకి చెప్పారు, సాయిదుర్గ నాకు చెప్పింది. టీచరు గారు ఆయన్ని అరగంట కూర్చోబెట్టారట. ఈయన క్షమించమని అడిగితే కిటికీలోంచి చూస్తూ ఉండిపోయారట. లేచి వచ్చేస్తుంటే అడిగారట, ఆ బళ్ళో పిల్లలెంతమంది అని. నూట పదహారు అని చెప్పారట. అంతే. వస్తాననలేదు, రాననలేదు.

20 డిసెంబర్, సోమవారం, మధ్యాహ్నం

వచ్చారు.

పదిన్నరకి మెట్లెక్కి వచ్చి, నా టేబుల్ పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నారు. బాగున్నావా అని అడగలేదు. ఎక్కణ్ణుంచి మొదలెట్టాలని అడిగారు. పేరు పెద్ద అక్షరాల్లో వేస్తామని శాంతికుమార్ గారు అన్నారు. ఆవిడ చేత్తో ఈగని తోలినట్టు తోలేశారు.

ముందు అచ్చులు. తర్వాత ప దగ్గర ఆగాం. ప, బ, మ మూడింటికీ పెదవులు ఒక్కలాగే కలుస్తాయి. పదహారేళ్ళుగా నన్ను ముంచేవి ఈ మూడే. పాలు అన్నా బాలు అన్నా మాలు అన్నా నాకు ఒకటే. పిల్లలకి తేడా ఎలా చూపిస్తాం, చూపించలేం అన్నాను.

ఆవిడ నా చెయ్యి తీసుకున్నారు. గొంతు మీద పెట్టుకుని బ అన్నారు. వేళ్ళ కింద ఝుమ్మంది. ముక్కు పక్కన పెట్టుకుని మ అన్నారు. అక్కడ ఝుమ్మంది. మళ్ళీ గొంతు మీద పెట్టుకుని ప అన్నారు. పెదవులు విడేదాకా ఏమీ లేదు.

తర్వాత నా చేతిని నా గొంతు మీదే పెట్టారు. అనమన్నారు. అన్నాను. ఆవిడ చూశారు. మళ్ళీ అనమన్నారు. పదిసార్లు అనిపించారు. పక్క టేబుళ్ళ వాళ్ళు వింటున్నారో లేదో చూడలేదు.

ఇంకో బొమ్మ కలుపుతాం. గొంతు మీద చెయ్యి.

వెళ్ళేటప్పుడు ఆదివారం గురించి ఆవిడ ఏమీ అనలేదు. నేను అడగలేదు.

22 డిసెంబర్

ట వరస, త వరస. నాలుక బొమ్మలు ఇరవై వేశాను. ఒకటి బాలేదని ఆవిడే రబ్బరు తీసుకుని చెరిపేశారు. అడగలేదు కూడా.

కాఫీ అమ్మిరాజు గారు తెచ్చారు. పంచదార ఎక్కువైందని ఇద్దరం ఒకేసారి అన్నాం.

23 డిసెంబర్, గురువారం

ళ అయింది. క్ష అయింది. మిగిలింది బండి ఱ.

ఇప్పుడెవరూ రాయరు కదండీ, వదిలేద్దామా అన్నాను.

"పిల్లల పుస్తకంలో ఉందా లేదా?"

ఉంది.

ర అన్నారు. ఱ అన్నారు. రెండింటికీ తేడా నాకు కనపడలేదు. గొంతు మీద చెయ్యి పెట్టి చూశాను. తెలీలేదు. మూడుసార్లు అన్నారు. తెలీలేదు.

రేపు మళ్ళీ వస్తానన్నారు.